పదకొండు అడుగుల తేడా

పోయిన నెల అమెరికాలోని చాండ్లర్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు, మనవరాలిని స్కూల్లో దింపే పని నాకు పడింది. నడిచి వెళ్ళే దూరమే గానీ ఆ ఊళ్ళో పొద్దున ఎనిమిదికే ఎండ నడినెత్తిన ఉన్నట్టు ఉంటుంది. అందుకని ఇద్దరం గోడల నీడ వెతుక్కుంటూ వెళ్ళేవాళ్ళం. ఒకరోజు స్కూలు పక్కన కొత్త క్లాస్‌రూములకు కొలతలు తీస్తున్నారు. పసుపు చొక్కా వేసుకుని తెల్ల హెల్మెట్ పెట్టుకున్న ఒక అమ్మాయి సబ్బుపెట్టె అంత యంత్రాన్ని గోడకు గురిపెట్టి బటన్ నొక్కింది. గోడమీద ఎర్రచుక్క పడింది. అంకె చూసి ఫోన్‌లోకి ఎక్కించుకుంది. అంతే, ఒక గోడ అయిపోయింది. నేను అలాగే నిలబడిపోయాను. లేట్ అవుతోందని మనవరాలు నా చెయ్యి లాగింది. నేను కూడా ఇదే పని చేసేదాన్నే అన్నాను. అది నన్ను కిందినుంచి పైదాకా, మోకాలి పట్టీ దగ్గర కాస్త ఆగి మరీ చూసి, "నువ్వు స్కూల్స్ బిల్డ్ చేశావా అమ్మమ్మా?" అంది. కట్టలేదమ్మా, కొలిచాను అని చెప్పేలోపే బెల్ కొట్టారు. అది పరుగెత్తింది. సాయంత్రానికి ఆ మాట మర్చిపోయింది కూడా. నాకే వారం రోజులు నిద్రలో కొలిచే టేపు గరగరమని చుట్టుకుంటున్న శబ్దం వినిపించింది.

నేను అనంతపురంలో సివిల్ ఇంజనీరింగ్ చదివాను. క్లాసు మొత్తానికి ఆడపిల్లను నేనొక్కదాన్నే. పెళ్ళయ్యాక డెబ్బై ఎనిమిదిలో ఈ దేశానికి వచ్చాను. మా ఆయన ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసేవారు. మేముండేది పెద్ద నగరంలో, రైలు వెళ్ళినప్పుడల్లా గిన్నెలు మోగే అపార్ట్‌మెంట్‌లో. మూడేళ్ళు ఆ గిన్నెల సంగీతం విన్నాక, నగరంలోని పబ్లిక్ స్కూళ్ళ భవనాలను బాగుచేసే, పెంచే ఆఫీసులో ప్లాన్లు గీసే డ్రాఫ్టింగ్ మనుషులు కావాలని పేపర్లో చూసి అప్లై చేశాను. ఇంటర్వ్యూలో నా చదువు గురించి ఒక్క ప్రశ్న వేశారు. నిచ్చెన ఎక్కగలవా అని రెండుసార్లు అడిగారు. అటక మీదినుంచి ఊరగాయ జాడీ దించడం తప్ప నాకు నిచ్చెన అనుభవం లేదు. అయినా ఎక్కగలను అని గట్టిగా చెప్పాను. ఉద్యోగం వచ్చింది.

మొదటిరోజు ఆఫీసులో, బల్లల వరస చివర్లో, మంకీ క్యాప్ తీయకుండా గీతలు గీసుకుంటున్న ఒక పెద్దాయన తలెత్తి చూశారు. నా బొట్టు చూశారు. చేతిలోని పెన్సిల్ కింద పెట్టి, "తెలుగమ్మాయివేనా?" అన్నారు. ఆ క్షణం నుంచి ఆయన నాకు బాబాయిగారు అయిపోయారు. గుంటూరు పక్కవారు. పిన్నిగారు నర్సు, ఇక్కడి హాస్పిటల్లో నర్సులు కావాలంటే ఆవిడ వచ్చింది, ఆవిడ వీసా మీద ఈయన వచ్చారు. ఆ సంగతి దాచుకునే మనిషి కాదు. నేను మీ పిన్ని కొంగు పట్టుకుని సముద్రం దాటాను అని అందరి ముందూ చెప్పేవారు. దేశంలో ఉన్నప్పుడు కృష్ణా కాలవల మీద ఓవర్సీరుగా ఇరవై ఏళ్ళు చేశారు. ఇక్కడికొచ్చాక రెండేళ్ళు కారు పార్కింగ్‌లో టికెట్లు చింపారు. ఆ తర్వాత దొరికిన బల్ల ఇది. అందుకని ఆ బల్లంటే ఆయనకు భక్తీ భయమూ రెండూ ఉండేవి. మా చీఫ్ అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు, తప్పేమీ చేయకపోయినా లేచి నిలబడేవారు.

నన్నూ ఆయన్నూ జంటగా వేసి, ఒక పాత స్కూలు కొలిచి రమ్మని పంపారు. నాలుగంతస్తుల ఎర్ర ఇటుకల భవనం. మొదటి ప్రపంచయుద్ధం నాటికే అందులో పిల్లలు చదువుతున్నారట. కిటికీలు మనిషికి రెండింతల ఎత్తు, పై రెక్క తెరవాలంటే కొక్కెం ఉన్న పొడుగాటి కర్ర కావాలి. ఏడు వందల మందికని కట్టిన బడిలో పన్నెండు వందల మందిని కూర్చోబెట్టారు. వచ్చిన కొత్తలో నాకు అమెరికా స్కూలంటే సినిమాల్లో చూసిన పచ్చిక మైదానాలే తెలుసు. ఇక్కడ మెట్ల మలుపులో చాప పరిచి రీడింగ్ క్లాసు జరుగుతోంది. కోట్లు తగిలించుకునే గదిలో ఒక టీచరమ్మ ఎనిమిదిమందికి ఇంగ్లీషు నేర్పుతోంది. క్యాంటీన్ చాలక మధ్యాహ్న భోజనం పదిన్నరకే మొదలుపెట్టేవారు. పిల్లలు మాత్రం ఇదేమీ పట్టనట్టు హాయిగా ఉండేవారు. మేం టేపు పరిస్తే చాలు, వరసలో వెళుతున్నవాళ్ళు కూడా దాన్ని ఒక్కొక్కరే ఎగిరి దాటేవారు. స్కూలు వెనక ఆటస్థలంలో మూడంతస్తుల కొత్త వింగ్ కట్టాలని నగరం నిర్ణయించింది. పాత భవనం గోడకు ఆనించి కొత్తది కట్టాలంటే పాతదాని కొలతలు అంగుళంతో సహా తెలియాలి.

కొలవడంలో బాబాయిగారి పద్ధతి కాలవల మీద నేర్చుకున్నదే. మన పీడబ్ల్యూడీలో ఎం-బుక్ అని కొలతల పుస్తకం ఉంటుంది. జాగా దగ్గర నిలబడే, సిరాతోనే రాయాలి. తప్పు పడితే చెరపకూడదు, అడ్డంగా గీత కొట్టి పక్కన పొట్టి సంతకం పెట్టాలి. ఆఫీసులో అందరూ పెన్సిల్‌తో రాసుకుంటుంటే ఈయన ఒక్కరే నల్లట్ట నోటుబుక్కు, ఇంకు పెన్ను. చలికి ఇంకు గడ్డకడితే పెన్ను చంకలో పెట్టుకుని కరిగించి మళ్ళీ రాసేవారు. టేపు సున్నా కొస నాది, అంకె చదివే కొస ఆయనది. చదివిన అంకె నేను తిరిగి చెప్పాలి, ఆయన మళ్ళీ చెప్పాలి, అప్పుడు రాయాలి. మొదటి వారం నాకు చిరాకేసింది. రెండో వారానికి ఇంట్లో మా ఆయన పాలు రెండు ప్యాకెట్లు తెమ్మంటావా అంటే, "రెండు" అని తిరిగి చెప్పడం మొదలుపెట్టాను.

ఆ స్కూల్లో మాకు దొరికిన స్నేహితుడు అక్కడి కస్టోడియన్. భవనాన్ని శుభ్రంగా, వెచ్చగా ఉంచే బాధ్యత ఆయనది. దక్షిణాది రాష్ట్రంలో పత్తి పండించే ఊరినుంచి వచ్చిన నల్లజాతి పెద్దమనిషి. మేం ఆయన్ని మిస్టర్ అని ఇంటిపేరుతో పిలిచేవాళ్ళం, ఆయన నన్ను మిస్ ఇంజనీర్ అనేవారు. ఆఫీసులో ఇంకా ఎవరూ ఇవ్వని పదవి అది. బేస్‌మెంట్‌లో బాయిలర్ దగ్గరే ఆయన కొలువు. భోజనానికి మేమూ అక్కడికే దిగేవాళ్ళం, ఎందుకంటే భవనం మొత్తంలో వెచ్చగా కాళ్ళు చాపుకునే చోటు అదొక్కటే. ఆయన బాయిలర్ తలుపు దగ్గర ఇనుప పళ్ళెంలో దుంపలు కాల్చి పెట్టేవారు. మొదటిసారి ఆ వాసన తగలగానే బాబాయిగారు చిలగడదుంప అన్నారు. నేను గెనుసుగడ్డ అన్నాను. ఆయన యామ్ అన్నారు. ముగ్గురం కాసేపు వాదించుకుని, పేరు తేలకముందే పళ్ళెం ఖాళీ చేశాం.

తేడా వచ్చింది ఆ బేస్‌మెంట్ దగ్గరే. బయట భవనం పొడుగు ఒక్క లాగులో కొలిచేశాం. కింద మాత్రం మధ్యలో బాయిలర్లు, మందపాటి గోడలు, వంకర నడవాలు, చివర్లో విరిగిన బెంచీలు పడేసిన కొట్టుగది. ఆరు ముక్కలుగా కొలిచి కూడాల్సి వచ్చింది. కూడితే కింది భాగం పై భవనం కన్నా పదకొండు అడుగులు పొడుగు తేలింది. భవనం కన్నా బేస్‌మెంట్ పొడుగేమిటి? మళ్ళీ కొలిచాం. మళ్ళీ పదకొండే. అంటే ఆ కొట్టుగది గోడ దాటి ఆటస్థలం కిందికి చొచ్చుకుని ఉందన్నమాట. కొత్త వింగ్ పునాదులు పడేది సరిగ్గా అక్కడే. గుడ్డమీద గీసిన పాత డ్రాయింగ్‌లో మాత్రం అలాంటిదేమీ లేదు. గోడ, ఆ పక్కన మట్టి, అంతే.

మా చీఫ్ చెడ్డవాడు కాదు. స్కూలు ప్రిన్సిపల్ రోజూ ఆయనకు ఫోన్ చేసి, మెట్ల మీద కూర్చున్న పిల్లలకు గది ఎప్పుడిస్తారని అడిగేది. ఒక్క నెల ఆలస్యమైతే ఆ ఏడు పని మొదలవదు, మొదలవకపోతే ఇంకో ఏడాది పిల్లలు మెట్ల మీదే. ఆయన నా కాగితాలు చూసి, ఆరు ముక్కలు కూడితే అమ్మాయి ఎక్కడో తప్పు చేసి ఉంటుంది, పాత డ్రాయింగ్‌కి సరిపోయేలా అంకె సరిచేసి వచ్చే శుక్రవారానికి షీటు ఇవ్వండి అన్నాడు. నాతో కాదు, నా పక్కన నిలబడ్డ బాబాయిగారితో. ఎందుకంటే షీటు మీద 'చెక్డ్ బై' అన్న గడిలో పొట్టి సంతకం పెట్టాల్సింది ఆయనే.

బాబాయిగారు ఎస్ సార్ అన్నారు. బల్ల దగ్గరికి వచ్చాక నాతో మెల్లగా, "సర్దెయ్యమ్మా. పెద్దవాళ్ళతో మనకెందుకు?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. పెన్ను చంకలో పెట్టుకుని మరీ రాసిన అంకె ఇప్పుడు సర్దడమేమిటని అడిగాను. ఆ శుక్రవారం సాయంత్రం రైల్లో ఎదురెదురుగానే కూర్చున్నాం. ఆయన స్టేషన్ వచ్చినప్పుడు వెళ్ళొస్తానమ్మా అన్నారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఇంటికి వెళ్ళాక మా ఆయనతో చెబితే, ఆయన అన్నీ విని, ఆ మనిషి పార్కింగ్‌లో నిలబడ్డ రెండేళ్ళూ నువ్వు నిలబడలేదు కదా అన్నారు. నిజమే. కానీ ఆ రాత్రి నా కోపానికి నిజాలతో పనిలేదు.

సోమవారం పొద్దున నేను వెళ్ళేసరికి బాబాయిగారు కోటు విప్పకుండా నాకోసం ఎదురు చూస్తున్నారు. పద, ఇంకోసారి కొలుద్దాం అన్నారు. దారిలో చెప్పారు. వాళ్ళ తెలుగు చర్చికి సొంత గుడి లేదు. ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి వాళ్ళు తమ బేస్‌మెంట్ ఇచ్చేవారు. నిన్న కింద అందరూ కీర్తన పాడుతుంటే పైన సండే స్కూల్ పిల్లలు పరుగెత్తుతున్నారట. చెక్క నేల ధడధడమంటోంది. అది ప్రతివారం ఉన్నదే. "నిన్న మాత్రం నాకు పాట అందలేదమ్మా. పైకప్పు వైపే చూస్తూ ఉండిపోయాను. మీ పిన్ని మోచేత్తో పొడిచింది," అన్నారు. నేను శుక్రవారం సంగతికి క్షమాపణ చెప్పాలనుకున్నాను. దానికి బదులు ఆయన చేతిలోని టేపు సంచీ అందుకున్నాను.

మూడోసారీ పదకొండే వచ్చింది. ఈసారి కస్టోడియన్ గారు కూడా మాతో కొట్టుగదిలోకి వచ్చి బెంచీలు పక్కకు జరిపారు. విషయం చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు. తను చేరిన కొత్తలో ఉన్న ముసలాయన, ఒకప్పుడు బొగ్గు బళ్ళు ఆటస్థలంలోకే వచ్చేవని, బొగ్గు పైనుంచి కిందికి జారవిడిచేవారని చెప్పాడట. తర్వాత ఆయిల్ బాయిలర్లు వచ్చాయి, పైన తారు పోశారు, అందరూ మర్చిపోయారు. ఇంకో సంగతి కూడా చెప్పారు. మంచు పడితే ఆటస్థలంలో ఆ గోడ పక్కన ఒక పట్టీ మేర ఎప్పుడూ ముందు కరిగిపోతుందని, ఎందుకో తను ఆలోచించలేదని, పిల్లలకు మాత్రం ఆ చోటు బాగా తెలుసని. బాబాయిగారు ఆ మాటలు కూడా తేదీ వేసి ఇంకుతో రాసుకున్నారు.

ఆఫీసుకు వెళ్ళి చీఫ్‌కి చెబితే, ముసలివాళ్ళ కబుర్లు డ్రాయింగ్‌లో పెట్టలేం అన్నాడు. మంచు కోసం కూర్చోలేనన్నాడు. షీటు ముందుకు తోసి గడి చూపించాడు. బాబాయిగారు లేచే ఉన్నారు, ఎప్పటిలాగే. చేతులు మాత్రం వెనక్కి కట్టుకున్నారు.

"సార్, మేం కొలిచేవాళ్ళం. ఎంత ఉందో అంతే రాస్తాం. ఎంత ఉండాలో మాకు తెలియదు," అన్నారు.

"మీరు పెట్టకపోతే ఇంకొకరితో పెట్టించగలను. తెలుసా?"

"తెలుసు సార్. వాళ్ళని కూడా వెళ్ళి కొలిచి వచ్చి పెట్టమనండి."

హాలులో ఇరవై బల్లలున్నాయి. ఒక్క పెన్సిల్ కదల్లేదు. చీఫ్ షీటు మడతపెట్టకుండా అక్కడే వదిలేసి తన గదిలోకి వెళ్ళిపోయాడు. బాబాయిగారు కూర్చున్నాక మంచినీళ్ళు అడిగారు. ఆరోజు మధ్యాహ్నం ఆయన సొరుగులోని సొంత సామాను, ఇంకు బుడ్డీ, బైబిలు, పిన్నిగారి ఫోటో, ఒక గుడ్డసంచీలో సర్దుకోవడం చూశాను. పంపించేస్తే వెతుక్కోకుండా ఉంటుందని అన్నారు. ఆ సంచీ రెండు రోజులు బల్లకింద అలాగే ఉంది. ఎవరూ పంపలేదు. 'చెక్డ్ బై' గడి ఖాళీగా ఉంది.

బుధవారం తెల్లవారేసరికి నగరమంతా మంచు పరుచుకుంది, ఆ ఏటికి అదే మొదటిది. తొమ్మిదింటికి కస్టోడియన్ గారి ఫోన్ వచ్చింది. ఆటస్థలంలోకి పిల్లల్ని ఇంకా వదల్లేదు, తొందరగా రండి అన్నారు. నేను ఎక్కడినుంచి తెచ్చుకున్నానో ధైర్యం, చీఫ్ గది తలుపు కొట్టి, మీరూ రావాలి అన్నాను. ఆయన కోటు తొడుక్కున్నాడు. బాబాయిగారితో కలిపి ముగ్గురం ఒకే కారులో వెళ్ళాం.

ఆటస్థలం ఉతికిన దుప్పటి పరిచినట్టు తెల్లగా ఉంది. గోడ పక్కన మాత్రం మంచు నిలవలేదు. తడిసిన నల్లటి తారు, తలుపు ఆకారంలో, కొసలు గీత గీసినట్టు తిన్నగా కనిపిస్తోంది. పైన కిటికీలన్నిటికీ పిల్లల ముక్కులు ఆనుకుని ఉన్నాయి. నేను సున్నా కొస గోడకు ఆనించాను. బాబాయిగారు టేపు లాక్కుంటూ మంచు అంచుదాకా వెళ్ళి వంగారు. అంకె ఆయన చదవలేదు. చీఫ్ వైపు చూశారు. చీఫ్ తన మంచి బూట్లతోనే ఆ నీళ్ళలోకి వచ్చి, ఆయన పక్కన గొంతుకూర్చుని, టేపు తనే చదివి, "పదకొండు," అన్నాడు. అలవాటు కొద్దీ నేను గోడ దగ్గరనుంచి "పదకొండు" అని తిరిగి చెప్పాను. అప్పుడు బాబాయిగారు కూడా చెప్పి పుస్తకంలో రాశారు.

మర్నాడు కూలీలు వచ్చి తారు పగలగొట్టారు. రెండడుగుల లోతున ఇటుకల కమాను తగిలింది. దానికింద మసిపట్టిన పెద్ద ఖాళీ, మేం కొలిచిన కొట్టుగది చివరి పదకొండు అడుగులే. కమాను నడుమ ఇటుకలు కొన్ని వదులై కిందికి జారి ఉన్నాయి. ఇన్నేళ్ళుగా పిల్లలు దానిమీదే గంతులేశారు. మూడంతస్తుల బరువు పెడితే ఏమయ్యేదో ఎవరూ పైకి అనలేదు. చీఫ్ గుంత అంచున నిలబడి చూసి చూసి, బాబాయిగారి భుజం మీద చెయ్యి వేశాడు. ఏం మాట్లాడాడో నాకు వినిపించలేదు. తర్వాత అడిగితే, నీ పుస్తకం రాసే పద్ధతి మిగతావాళ్ళకు కూడా నేర్పగలవా అని అడిగాడమ్మా అన్నారు. ఆ సాయంత్రం గుడ్డసంచీలోని సామాను మళ్ళీ సొరుగులోకి వెళ్ళింది. నెల తిరక్కుండా ఆఫీసులో పెన్సిళ్ళు పోయి ఇంకు వచ్చింది. కొలవడానికి వెళ్ళే ప్రతి జంటకీ నల్లట్ట నోటుబుక్కు ఇచ్చారు. ఏ ఊరి కాలవ గట్టు పద్ధతో అది, వాళ్ళెవరికీ తెలియదు.

ఆ ఖాళీని పూడ్చి, పునాదులు జరిపి, డ్రాయింగులు తిరగరాయడానికి చలికాలమంతా పట్టింది గానీ, చీఫ్ భయపడ్డట్టు ఏడాది పోలేదు. వసంతంలో పని మొదలైంది. అది సాగిన రెండేళ్ళూ మేం అడపాదడపా ఏదో వంకన వెళ్ళి చూసొచ్చేవాళ్ళం. పిల్లలు కూడా కిటికీల దగ్గర నిలబడి క్రేన్ ఎటు తిరిగితే అటు తలలు తిప్పేవారు. పాత భవనానికి కొత్త కిటికీలు, కొత్త వైర్లు కూడా వేశారు. ప్రారంభం రోజున బాబాయిగారు పెళ్ళినాటి సూటు వేసుకొచ్చారు. బొత్తాలు పట్టకపోతే పిన్నిగారు పిన్నుతో సర్దింది. ఉపన్యాసాల్లో మా పేర్లు రాలేదు, వస్తాయని మేమూ అనుకోలేదు. రిబ్బన్ కత్తిరించాక కిండర్‌గార్టెన్ పిల్లల్ని వరసగా కొత్త గదిలోకి పంపారు. వెడల్పాటి గది, నేలదాకా వెలుతురు. లోపలికి వెళ్ళగానే వాళ్ళు చేసిన మొదటి పని ఏమిటంటే, ఎవరూ చెప్పకుండానే ఆ కొసనుంచి ఈ కొసదాకా పరుగెత్తడం. టీచర్ ఆపబోతుంటే కస్టోడియన్ గారు, కాసేపు ఉండనివ్వండి అన్నారు. బాబాయిగారు గుమ్మంలో నిలబడి, కళ్ళు మూసుకుని ఆ ధడధడ విన్నారు. నేల గట్టిదే అన్నారు. అంతకుమించి పెద్ద మాట ఆరోజు ఎవరూ మాట్లాడలేదు.

తర్వాత నేను ఇద్దరు పిల్లల్ని కని, ఇంకో ఇరవై స్కూళ్ళు కొలిచాను. బాబాయిగారు రిటైరయ్యేదాకా ఆ ఆఫీసులోనే ఉన్నారు. చివరి పదేళ్ళు కొలతల పార్టీలన్నిటికీ ఆయనే పెద్ద. అయినా చీఫ్ వస్తే లేచి నిలబడటం మానలేదు. రిటైరయ్యాక కొడుకు దగ్గరికి ఎడిసన్ వెళ్ళిపోయారు. అటు వెళ్ళినప్పుడల్లా కలిసేదాన్ని. హోటల్లో దోసె వచ్చేలోపు హాలు పొడుగు కంటితోనే అంచనా వేసి నన్ను అడిగేవారు, నేను ఎప్పుడూ అడుగో రెండడుగులో తప్పేదాన్ని. కొన్నేళ్ళ క్రితం, పిన్నిగారు పక్కన కూర్చుని ఉండగా, ప్రశాంతంగా పోయారు.

మేం కలిసి కొలిచిన రోజుల్లో నాకు ఇరవై ఏడు, ఆయనకు యాభై. ఆయన్ని ముసలాయన అనుకుని మెట్లు దిగేటప్పుడు సంచీ నేనే మోసేదాన్ని. ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి, ఆయన నా తలపులో ఇంకా యాభై దగ్గరే ఆగి ఉన్నారు. ఎదురుపడితే నా కన్నా ఇరవై ఏళ్ళు చిన్నవాడు. అయినా నా నోట బాబాయిగారూ అన్న పిలుపే వస్తుంది. కాలం వయసుల్ని ఎంతైనా తారుమారు చేయగలదు గానీ, వరసల్ని మాత్రం ముట్టుకోలేదు.